నేలబారు

దాన్ని మేము జిగురనే వాళ్ళం.
డబ్బా మీద మంట బొమ్మ, దాని కింద హెక్సేన్ అని పేరు.
చదివే తీరిక కూలి ముట్టే శనివారం కూడా ఉండేది కాదు.
లియోన్ ఊళ్ళో, కొయెసీయో పేటలో,
డాన్ నికానోర్ ఇంటి వెనక గదిలో ఎనిమిది మందిమి,
రోజుకు నూట ఇరవై జతలు.

తోలుకు ఒక పూత, అట్టకు ఒక పూత.
ఊదక్కర్లేకుండానే ఆరిపోయేది.
ఆరిందంటే పోయిందనుకునే వాళ్ళం.
ఎక్కడికి పోతుంది?
గాలికి మూడింతల బరువున్నది,
పైకెగరలేక, కంటికి కనపడనూ లేక,
గచ్చు మీదికి దిగి
బల్లకాళ్ళ మధ్య, రాలిన తోలు ముక్కల మీద
పిల్లిలా పొట్ట ఆనించి పడుకునేది.
మొదటి వారం పెట్రోలు వాసన.
రెండో వారానికి ముక్కు రాజీ పడింది.

గోడకు ఎత్తున గ్వాదలూపె మాత పటం,
ముందు మైనపు వత్తి, రేయీ పగలూ.
పదకొండేళ్ళు వెలిగింది, ఏమీ కాలేదు.
అమ్మ దయ, అనేది ఓతీలియా.
ఆవిరికి అంత ఎత్తు అందలేదంతే అని
తరవాత ఎవరో చెప్పారు.
ఓతీలియా వాదించలేదు. పటమూ దించలేదు.

జనవరిలో ఒక తెల్లవారుజాము. చలికి కిటికీ మూశాం.
కుర్ర చెంచో డబ్బా తన్నేశాడు, రెండు లీటర్లో మూడో.
గుడ్డేసి తుడిచాం, తిట్టాం, పనిలో పడ్డాం.
చలి దాన్ని ఆపదు.
సున్నాకు ఇరవై మెట్లు కింద కూర్చున్నా
నిప్పు కోసం చూస్తూనే ఉంటుంది.
తలుపు కింద వేలెడు సందు,
సందు అవతల నడవ, నడవ చివర స్నానాల గది,
అక్కడ నీళ్ళు కాచే బాయిలరు,
దాని అడుగున, నేలకు జానెడెత్తులో,
చిటికెన వేలి గోరంత నీలి మంట.

ఆవిరి నడిచి వెళ్ళింది.
మంట పరుగెత్తుకుంటూ తిరిగొచ్చింది.

డాన్ నికానోర్ బకెట్టు నీళ్ళు కుమ్మరించాడు.
నీళ్ళకంటే తేలికది, మండుతూనే వాటి నెత్తికెక్కి
కాలువ దాకా ఊరేగింది.
ఇసుక తెచ్చినవాడు పక్కింటి తాపీ మేస్త్రి.
ఎవరూ చావలేదు. చెంచో చేతుల మీది చర్మం మాత్రం
చలి మొదలైనప్పుడల్లా బిగుసుకుంటుంది.

అందరూ మంట గురించే మాట్లాడారు, పత్రికవాడితో సహా.
నేను చెప్పబోయింది వేరు. ఎవరూ అడగలేదు.

అంతకు ఏడాది ముందు నుంచే
కాలి చెప్పు జారిపోతే నాకు తెలిసేది కాదు.
వీధి పిల్లలు వెనక నుంచి కేకేసేవాళ్ళు,
సెన్యోరా, మీ చెప్పు!
తిరిగి చూస్తే పదడుగుల వెనక, తడిలో, ఒక్కటీ.
నేను అతికించిన చెప్పే.
ముందు వేళ్ళు, తరవాత మడమ,
తరవాత మెట్టెక్కడుందో కళ్ళతో వెతుక్కుని దిగడం.
ఊపిరితో లోపలికెళ్ళి, కాలేయంలో వేషం మార్చుకుని,
నరాల్లో పొడుగాటివాటిని ఏరుకుంటుందట.
వెన్ను నుంచి బొటనవేలి దాకా
ఒంట్లో అంత దూరప్రయాణం ఇంకోటి లేదు.
అక్కడా దాని పని నేల దగ్గరే.

డాక్టరమ్మ మానెయ్యమంది. మానేశాను.
మానేశాక కూడా మూడు నెలలు దిగజారాయి కాళ్ళు.
ఇంజను ఆపినా బండి కొంత దొర్లుతుంది, అంది ఆమె.

ఇన్నేళ్ళూ ఆరిపోయినదంతా ఎక్కడుందని అడిగాను.
గాలిలో కలిసింది నాలుగు రోజుల్లోపే
ఎండ చేతికి చిక్కి విరిగిపోతుందట.
బురద అనే పేరున్న తుర్బియో ఏటిలో పడ్డది
నీళ్ళతో కలవక, తేలి, ఎగిరిపోతుందట.
మట్టిలోకి దిగినదాన్ని, కాస్త గాలి ఆడితే,
కనపడని పురుగులు తినేస్తాయట.
ఆకాశానికి నాలుగు రోజులు.
నా కుడి కాలికి రెండేళ్ళు, చిటికెన వేలు ఇంకా బాకీ.

రోజూ పొద్దున్నే మంచం మీంచి
అరికాలు గచ్చుకు ఆనిస్తాను.
చల్లగా ఉందా?
ఉన్నట్టే ఉంది.
ఇంకోసారి ఆనిస్తాను.